దసలి పురుగు ఇంటిపేరు

పేర్ల పేచీ లేని ఇల్లు ఎక్కడైనా ఉంటుందా? రేషను కార్డులో వెంకట సుబ్బలక్ష్మి, బడి రిజిస్టర్లో వి.ఎస్. లక్ష్మి, పుట్టింట్లో సుబ్బులు, అత్తవారింట్లో లక్ష్మి, అక్క పిల్లలకి చిన్న పిన్ని. మనిషి మాత్రం ఒక్కతే! బ్యాంకులో ఖాతా తెరవబోయినప్పుడుగానీ తెలిసిరాదు, ఈ అయిదుగురూ ఒకరేనని రుజువు చెయ్యడం ఎంత పనో. ఊళ్ల సంగతీ అంతే. మా నాగోలు పక్కనున్న ఎల్.బి. నగర్ అందరికీ తెలుసు. లాల్ బహదూర్ నగర్ అని నిండుగా అనండి, ఓ క్షణం ఆలోచించి గానీ జవాబు చెప్పరు.

మనుషులకీ ఊళ్లకీ ఉన్న ఈ చిక్కు పురుగుపుట్రకి కూడా ఉందంటే నవ్వొస్తుంది. కానీ ఉంది. అదీ ఏ ఊరూ పేరూ లేని పురుగుకి కాదు. మనం మోజుపడి కట్టుకునే పట్టుచీరకి దారమిచ్చే పురుగుకే. దాని అసలు పేరేమిటన్న మాట తేల్చడానికి రెండున్నర శతాబ్దాలుగా పండితులు తంటాలు పడుతున్నారు.

దిల్‌సుఖ్‌నగర్ బట్టల కొట్లకి వెళ్లి, తేనెరంగులో, కాస్త గరుకుగా, కంచిపట్టులా తళతళలాడకుండా నెమ్మదిగా మెరిసే పట్టుచీర చూపించమనండి. ఒక కొట్టాయన టస్సర్ అంటాడు. పక్క కొట్టాయన తసర్ అంటాడు. ఛత్తీస్‌గఢ్ సరుకు తెప్పించే మూడో ఆయన కోసా అంటాడు. మన గోదావరి ఒడ్డు మహదేవ్‌పూర్ నేతగాడినడిగితే దసలి పట్టు అంటాడు. పేర్లు నాలుగైనా పట్టు ఒకటే. సంస్కృతంలో తసరమంటే మగ్గం మీద అటూ ఇటూ పరుగులు తీసే నాడె. పట్టుగూడు ఆకారం నాడెలా ఉంటుంది గనక ఆ పేరు వచ్చిందంటారు. మాటల మీద తెలుగువాడి నాలుక నడిచాక తసరం దసలి అయింది. దొరగారి నాలుక నడిచాక టస్సర్ అయింది. మన అడవి మాట సముద్రం దాటి, టోపీ పెట్టుకుని తిరిగొచ్చి, మన కొట్లోనే మనకి కొత్తగా కనబడుతోందన్నమాట!

ఆ పురుగుని గురించి ముందు రెండు ముక్కలు చెప్పాలి. మల్బరీ పట్టుపురుగులా ఇది తట్టల్లో, పందిళ్లలో పెరిగే ఇంటిపిల్ల కాదు. గోదావరికి ఈ పక్క మహదేవ్‌పూర్ అడవుల్లో, ఆ పక్క చెన్నూరు అడవుల్లో నల్లమద్ది, ఏరుమద్ది చెట్ల మీద ఎండకీ వానకీ ఓర్చుకుని పెరుగుతుంది. వేలెడు పొడవున ఆకుపచ్చగా, నిగనిగలాడుతూ ఉంటుంది. చెట్టు మీద ఆకు అయిపోతే, పెంచేవాళ్లు పురుగులున్న రెమ్మని అలాగే కోసి పక్క చెట్టుకి చేరుస్తారు. కాకులూ, చీమలూ, కందిరీగలూ దాని మీద పడకుండా పగలల్లా కాపు కాయాలి. నాలుగుసార్లు కుబుసం విడిచాక, కొమ్మకి గట్టి కాడ కట్టుకుని, దానికి కోడిగుడ్డంత గూడు వేలాడదీసుకుంటుంది. చూడ్డానికి చెట్టుకి కాసిన కాయలాగే ఉంటుంది. అందుకేనేమో దాన్ని పట్టుకాయ అంటారు. అందులోంచి జానెడు రెక్కల చిలుక బయటికొస్తుంది. ఒక్కొక్క రెక్క మీద ఒక్కొక్క గుండ్రటి కన్ను, అద్దంముక్క పొదిగినట్టు. పాపం దానికి నోరు ఉండీ లేనట్టే. తిండీ తిప్పలూ లేకుండా, జతకట్టి, గుడ్లు పెట్టి, కొద్దిరోజుల్లోనే కన్నుమూస్తుంది.

ఇక పేరు దగ్గరికి వద్దాం. జంతువులకీ మొక్కలకీ రెండేసి మాటల పేర్లు పెట్టే పద్ధతిని స్థిరపరచినవాడు స్వీడన్ దేశపు కార్ల్ లిన్నేయస్. ఆయన పుస్తకం పదవ కూర్పు 1758లో వచ్చింది. జంతువుల పేర్లకి అదే మొదటి లెక్క. అంతకుముందు ఎవరు ఏ పేరు పెట్టినా చెల్లదు. ఆ రెండు మాటల్లో మొదటిది కుటుంబానిది, రెండోది ఆ జీవికే చెందినది. ఇంగ్లీషువాళ్లకి ఇది తిరకాసుగా తోచిందేమో గానీ మనకి కొత్తేముంది? ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తరువాత రాసుకునే జాతి మనది. లిన్నేయస్‌గారు తెలుగువాళ్ల పద్ధతినే పాటించారని మనం గర్వపడినా తప్పులేదు.

లిన్నేయస్ రాత్రి చిలుకల్లో చాలావాటిని కలిపి ఫెలీనా అనే ఒకే ఇంట్లో చేర్చాడు. మల్బరీ పట్టుచిలుకకి, అది తినే చెట్టుని బట్టి మోరీ అన్నాడు. అదే ఇంట్లో, రెక్కల మీద కిటికీలాంటి కళ్లున్న మరో పెద్ద చిలుకకి పేఫియా అని పేరు పెట్టాడు. ఆయన వర్ణనలు ఎలా ఉండేవంటే, లాటిన్‌లో ఒకటి రెండు వరుసలు, అంతే. తప్పిపోయిన పిల్ల గుర్తులు చెప్పమంటే, "చామనఛాయ, రెండు జడలు" అని ఊరుకున్నట్టు. అలాంటి పిల్లలు వీధికి పదిమంది ఉంటారు! అసలు పేచీకి విత్తనం అక్కడే పడింది.

పదిహేనేళ్లు గడిచాయి. లండన్‌లో డ్రూ డ్రూరీ అనే పెద్దమనిషి ఉండేవాడు. వృత్తి వెండిపని, వ్యసనం పురుగులు. తాను ఓడెక్కి ఎక్కడికీ వెళ్లలేదు. దూరదేశాలకి పోయే ఓడల వాళ్లకి డబ్బిచ్చి, పురుగుల్ని తెమ్మనేవాడు. అలా వేలకొద్దీ పోగుచేసి, మోజెస్ హారిస్ అనే చిత్రకారుడి చేత రంగుల బొమ్మలు వేయించి పుస్తకాలు అచ్చువేశాడు. 1773లో వచ్చిన రెండో సంపుటంలో మన దేశపు దసలి చిలుక బొమ్మ ఉంది. దానికాయన పెట్టిన పేరు మైలిట్టా. అదే పుస్తకంలో ఆముదపాకు పట్టుపురుగుకి దగ్గరి చుట్టమైన మరో చిలుకకి సింథియా అని పెట్టాడు.

ఇక్కడొక తమాషా ఉంది. పేఫియా అంటే గ్రీకుల సౌందర్యదేవత ఆఫ్రొడైటీ. సైప్రస్ దీవిలోని పేఫోస్ పట్టణంలో ఆవిడ గుడి ఉండేది కాబట్టి ఆ పేరు. మరి మైలిట్టా? అసిరియా దేశస్థులు ఆఫ్రొడైటీనే మైలిట్టా అంటారని గ్రీకు చరిత్రకారుడు హెరడోటస్ రాశాడు. అంటే, స్వీడన్‌లో ఒకాయనా లండన్‌లో ఒకాయనా, పదిహేనేళ్ల తేడాతో, మన మద్దిచెట్టు పురుగు పీటల మీదికి తెచ్చి కూర్చోబెట్టినది ఒకే అమ్మవారిని! పేర్లు వేరు, దేవత ఒకతే. మనకి అమ్మవారి వెయ్యి నామాలు ఒక్క ఊపున చదవడం అలవాటే గనక ఇందులో చిక్కేమీ కనబడదు. ఏ నామంతో పిలిచినా పలుకుతుంది తల్లి. కానీ శాస్త్రం దగ్గర ఆ లౌక్యం నడవదు. ఒక జీవికి చెల్లే పేరు ఒక్కటే ఉండాలి. మిగతావన్నీ మారుపేర్లుగా దాని కింద పద్దు వేయాల్సిందే.

ఆ తరువాత చిలుకల ఇంట్లో వేరుకాపరాలు మొదలయ్యాయి. ఫెలీనా అనే ఉమ్మడి కుటుంబం ఎంత పెద్దదైపోయిందంటే, అందులో ఎవరు ఎవరో తెలియని పరిస్థితి వచ్చింది. జర్మనీలో ఆగ్స్‌బర్గ్ వాడు యాకోబ్ హ్యూబ్నర్, కొన్నాళ్లు నూలుగుడ్డల కర్మాగారంలో బట్టల మీది బొమ్మల నమూనాలు గీసినవాడు, 1819 ప్రాంతాన దసలి చిలుక జాతివాళ్లకి ఆంథెరేయా అని కొత్త ఇంటిపేరు ఇచ్చాడు. అప్పటినుంచి ఆవిడ ఆంథెరేయా మైలిట్టా అయింది.

ఇందులో ఒక మర్యాద ఉంది, గమనించండి. ఇల్లు మారినప్పుడు ఇంటిపేరు ఒక్కటే మారుతుంది. పెట్టిన పేరు పోదు. పైగా ఆ పేరు పెట్టినవాడి పేరుని పక్కనే బ్రాకెట్లలో రాస్తారు. ఆ బ్రాకెట్లు కనబడితే చాలు, "ఈ పిల్ల మొదట వేరే ఇంటిది, తరువాత ఈ ఇంటికొచ్చింది" అని చదివేవాడికి తెలిసిపోతుంది. పెళ్లి కాగానే ఇంటిపేరుతో బాటు పెట్టిన పేరు కూడా మార్చేసే ఆచారం మన దేశంలో కొన్నిచోట్ల ఉంది. పుట్టింటివాళ్లు పెట్టుకున్న పేరుని ఒక పురుగుకైనా అట్టేపెట్టిన శాస్త్రజ్ఞుల పద్ధతే నయమనిపిస్తుంది.

అయితే ఒక జీవికి ఇన్ని పేర్లు ఎందుకు పుట్టుకొస్తాయి? పండితులకి తెలివి తక్కువై కాదు. దసలి చిలుకల్లో మగది సాధారణంగా ఇటుకరంగు, ఆడది పసుపో బూడిదో. ప్రాంతాన్ని బట్టి, రుతువుని బట్టి, రంగూ పరిమాణమూ మారతాయి. అడవిలో పెంచేవాళ్లకి ఇవన్నీ ఒకే తల్లి పిల్లలని తెలుసు; ఒకే గుడ్ల వరసలోంచి రావడం కళ్లారా చూస్తారు గనక. లండన్‌లో గాజుపెట్టెలో సూదికి గుచ్చిన నాలుగు చిలుకల్ని చూసేవాడికి ఎలా తెలుస్తుంది? రంగు వేరైతే జాతి వేరనుకుని కొత్త పేరు పెట్టేవాడు. ఇంకొకాయన, ఎక్కడో అచ్చయిన పాత పుస్తకం చూడకుండా, పేరున్న పురుగుకే మళ్లీ పేరు పెట్టేవాడు.

ఇలాంటిదే అస్సాం ముగా పట్టు కథ. అది మన దసలికి సొంత చెల్లెలే, ఇంటిపేరు ఆంథెరేయాయే. ఇంగ్లండులో వెస్ట్‌వుడ్ అనే ఆయన 1840ల చివర్లో దానికి అస్సామా అని పేరు పెట్టాడు. చాలాకాలం పట్టు పుస్తకాలన్నీ అదే రాశాయి. తీరా చూస్తే, అంతకు పదేళ్ల ముందే, 1837లో, యోహాన్ హెల్ఫర్ అనే బొహీమియా వైద్యుడు కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో మన దేశపు పట్టుపురుగుల మీద వ్యాసం రాసి, అందులో దాన్ని అస్సామెన్సిస్ అని పిలిచాడు! ముందు అచ్చయిన పేరుదే హక్కు గనక, ఇప్పుడు సరైన పేరు అస్సామెన్సిస్. పాపం హెల్ఫర్ ఈ గెలుపు చూడలేదు. 1840లో అండమాన్ దీవుల్లో అక్కడివాళ్ల బాణాలకి బలైపోయాడు. ఆయనతో కూడా ఎడారులూ సముద్రాలూ దాటి వచ్చిన భార్య పాలీన్, తరువాత ఎన్నో ఏళ్లకి, వాళ్లిద్దరి ప్రయాణాల కథ పుస్తకంగా రాసింది. భర్త పెట్టిన పేరు పురుగుకి నిలిచింది. భర్త పేరు లోకంలో నిలవడానికి ఆవిడ పుస్తకం తోడైంది.

ముగా తగవు తీరింది. మరి దసలి సంగతో? న్యాయంగా చూస్తే 1758 నాటి పేఫియా అక్క, 1773 నాటి మైలిట్టా చెల్లెలు. రెండూ ఒకటే అయితే అక్కకే పట్టం కట్టాలి. నీలగిరుల్లో తేయాకు తోట నడిపి, తరువాత రాత్రి చిలుకల పండితుడైన హాంప్సన్ 1892లో మన దేశపు చిలుకల గ్రంథం రాసినప్పుడు అలాగే చేశాడు. పేఫియా అని పైన రాసి, మైలిట్టాని దాని కింద మారుపేరుగా వేశాడు. కానీ, "పేఫియా అన్నప్పుడు లిన్నేయస్ మనసులో ఉన్నది అచ్చంగా మన దసలేనా?" అనే ప్రశ్న వదల్లేదు. కళ్లద్దాల రెక్కల చిలుకలు ఎన్నో ఉన్నాయి. ఆయన చెప్పినవి రెండే గుర్తులు. కొందరు పేఫియా అన్న పేరుని దక్షిణాదినా సింహళంలోనా కనబడే చిన్న రకానికి ఉంచి, మధ్యభారతపు అడవుల్లో పెంచే పెద్దదాన్ని మైలిట్టా అన్నారు. మన పట్టు పరిశోధనా కేంద్రాల వాళ్లు రాసేదంతా మైలిట్టా పేరు మీదే. చిలుకల పండితుల పుస్తకాల్లో పేఫియా ఇప్పటికీ కనబడుతుంది.

ఇలాంటి తగవులు తీర్చే పద్దతి మన పెద్దమనుషుల పంచాయితీలాగే ఉంటుంది. మొదట పాత కాగితం తియ్యాలి, అంటే తొలి వర్ణన. తరువాత సాక్షిని పిలవాలి, అంటే పేరు పెట్టినవాడి చేతిలో ఉన్న అసలు చిలుకని. అది ఏ మ్యూజియం పెట్టెలోనో ఉంటే అదృష్టం. చీమలు తినేసి ఉంటే, మిగిలిన బొమ్మలే గతి. ఆపైన పెంచి చూడాలి. జతకట్టించి సంతానం నిలుస్తుందో లేదో చూడాలి. ఈ రోజుల్లో డీఎన్ఏ కూడా పోల్చి చూస్తారు. ఇంతా చేసి, తేలిన పేరు లోకాన్ని గందరగోళపరిచేదైతే? దానికీ ఒక పెద్దకోర్టు ఉంది. 1895లో మొదలైన అంతర్జాతీయ జంతునామ కమిషన్ అవసరమైతే తన సూత్రాన్నే పక్కన పెట్టగలదు. పెంపుడు జంతువులకి ముందు పేర్లొచ్చి, వాటి అడవి మూలాలకి తరువాత వచ్చిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. అలాంటి 17 అడవి పేర్లు రద్దు కాకుండా 2003లో ఆ కమిషన్ కాపాడింది. అందులో మల్బరీ పట్టుచిలుక అడవి చుట్టం కూడా ఒకటి.

"సరేనమ్మా, ఏ పేరైతే మనకేం? చీర బాగుంటే చాలదూ?" అంటారు కదూ. చాలదు. ఎందుకో చెబుతాను.

పురుగుని గురించి మనిషి నేర్చుకున్నదంతా పేరు మీదే దాచిపెడతాడు, పోపులపెట్టె అరల్లో దినుసులు వేసుకున్నట్టు. సామర్లకోటలో కుంఫిణీ వారి తోట చూసి, మన మొక్కలకి తెలుగు పేర్లు కూడా అడిగి రాసుకున్న విలియం రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా వెళ్లాడు. దసలి, ఆముదపు పట్టుపురుగుల మీద ఆయన రాసిన వ్యాసం 1804లో లండన్‌లో అచ్చయింది. అవి ఏం తింటాయో, ఎలా పెరుగుతాయో అందులో ఉంది. కానీ దసలిని ఆయన రాసింది పేఫియా అని! ఇవాళ మైలిట్టా అన్న అర మాత్రమే తెరిచి చూసే పిల్లవాడికి ఆ కాగితం కనబడదు. దసలికి మేతనిచ్చే నల్లమద్దికి సైతం పుస్తకాల్లో రెండు మూడు లాటిన్ పేర్లున్నాయి. పురుగుకి రెండు, చెట్టుకి మూడు. ఒక రోగానికి మందు ఎవరో ఎప్పుడో రాసిపెట్టి ఉండవచ్చు, అది వెతికేవాడికి అందదు. ఆ ఏటి పంట పోయేది మహదేవ్‌పూర్ మద్దిచెట్ల కిందివాళ్లకి.

రెండో సంగతి మన కొంగుకి సంబంధించినదే. చైనాలో ఓక్ చెట్ల మీద పెరిగే పట్టుపురుగు ఇంకొకటుంది. అదీ ఆంథెరేయా ఇంటిదే. పెట్టిన పేరు పెర్నీ. ప్రపంచపు బజారులో ఆ దారానికీ టస్సా అనే పేరు. ఆ దారమూ మంచిదే, కాదనను. కానీ పేరు ఒకటైనంత మాత్రాన సరుకు ఒకటి కాదు. అడవిలో కాపుకాసిన కాయల్ని ఉడికించి, తొడ మీద దారం పేని, మోకాళ్లు ఒరుసుకుపోయేలా పనిచేసిన ఆడవాళ్లు మన దేశంలో తరతరాలుగా ఉన్నారు. వాళ్ల కష్టానికి దక్కాల్సిన వెల, టస్సర్ అన్న ఒక్క మాట చాటున మరొకరికి పోవచ్చు. లాటిన్ పండితుల తగువులాట మన ఇంటి బీరువాదాకా వచ్చేది ఇలాగే.

పెంచేవాళ్లు మాత్రం ఈ లాటిన్‌కి తలవంచలేదు. అడవికొక తీరుగా ఉండే దసలి రకాలకి ఊళ్ల పేర్లే వాడుకలో ఉన్నాయి. జార్ఖండ్‌లో డాబా, ఒరిస్సాలో సుకిందా, మోడల్, బస్తరులో రైలీ, మహారాష్ట్రలో భండారా. ఇలా నలభై నాలుగు రకాలని పట్టు శాఖవాళ్లు లెక్క చెబుతారు. మన గోదావరి అడవుల రకానికి పేరు ఆంధ్రా లోకల్. 2014లో రాష్ట్రం రెండయి, ఆ అడవులు తెలంగాణలోకి వచ్చినా, పుస్తకాల్లో పురుగు పేరు ఆంధ్రా లోకల్‌గానే ఉండిపోయింది. మార్చకపోవడమే మేలు. మారిస్తే పాత పుస్తకాలు మరో అరలో పడిపోతాయి. పేరు అంటే కీర్తి కాదు, జాడ. జాడ చెరిగితే మనిషైనా పురుగైనా దొరకదు.

అంచేత పేరు తేల్చడమంటే ఒకదాన్ని ఉంచి తక్కినవి తుడిచెయ్యడం కాదు. పాత పేర్లన్నిటినీ తేదీలతో సహా వరసగా రాసిపెట్టి, "ఈ ఇన్నీ ఈవిడే" అని సాక్ష్యం చెప్పడం. పండితుల మారుపేర్ల పట్టికలు చేసే పని అదే. వాటిలో పేఫియా ఉంది, మైలిట్టా ఉంది, పేరు పెట్టిన దొరల పేర్లూ సంవత్సరాలూ ఉన్నాయి. అచ్చులో ముందు వచ్చిందా లేదా అన్నదొక్కటే అక్కడ ప్రశ్న గనక, అంతకు వందల ఏళ్ల ముందునుంచి మద్దిచెట్ల కింద పలికిన దసలి అన్న మాట అందులో ఉండదు. శాస్త్రానికి దాని నియమాలు దానికున్నాయి, తప్పుపట్టను. ఆ మాటని నిలబెట్టే పని మన నోళ్లకే వదిలేశారనుకుందాం. చీర ఏదైనా, వెల ఎంతైనా, అడిగేటప్పుడు "దసలి ఉందా?" అని అడగండి. ఎంతమంది నోట వినబడితే ఆ పేరుకి అంత ఆయుష్షు.